స్కానింగ్‌లో గడ్డ కనపడింది, మరి సూది ఎందుకు?

“మెదడులో గడ్డ లాంటిది కనపడుతోంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి” అని న్యూరోసర్జన్ చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగేవి ఎక్కువగా రెండే ప్రశ్నలు. “స్కానింగ్‌లో కనపడనే కనపడింది కదా సార్, మళ్లీ ముక్క ఎందుకు?” అనేది మొదటిది. “ఎట్లాగూ తలకు రంధ్రం పెడతారు కదా, అదేదో మొత్తం తీసేస్తే పోలేదా?” అనేది రెండోది. తిరుపతి స్విమ్స్ వార్డులోనైనా, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయే వేలూరు సీఎంసీలోనైనా ఈ రెండే. ఇవి తెలియక అడిగే ప్రశ్నలని కొట్టిపారేయడానికి లేదు. మెదడు కణితుల వైద్యంలో అసలు చిక్కంతా వీటిలోనే ఉంది. ఓపీ గది బయట వంద మంది వేచి ఉండగా డాక్టరు అయిదు నిమిషాల్లో చెప్పే జవాబు వీటికి చాలదు, అంతే.

మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే ఎంఆర్ఐ నిజంగా ఏం చూపిస్తుందో తెలియాలి. రక్తంలో తిరిగే చాలా పదార్థాలను మెదడులోకి రానివ్వకుండా రక్తనాళాల గోడల్లోనే ఒక అడ్డు ఉంటుంది. స్కాన్‌కు ముందు చేతి నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కూడా మామూలుగా ఆ అడ్డు దాటదు. ఎక్కడైతే అడ్డు తెగిందో అక్కడ మందు కారి, ఆ చోటు తెల్లగా వెలుగుతుంది. అంటే ఆ తెల్లటి మచ్చ చెప్పేది “ఇక్కడ అడ్డు తెగింది” అని మాత్రమే. తెంపింది ఎవరు? క్యాన్సర్ కణితి తెంపగలదు. క్షయ తెంపగలదు. చీము గడ్డ, పురుగు గుడ్డు నుంచి వచ్చిన తిత్తి, ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున నరాల పొర మీద చేసే దాడి కూడా తెంపగలవు. వీటిలో చాలావాటికి స్కాన్‌లో రూపం ఒకటే: మధ్యలో నలుపు, చుట్టూ తెల్లటి ఉంగరం, దాని చుట్టూ వాపు.

రేడియాలజీ ఇక్కడితో ఆగిపోలేదు. చీము గడ్డను పట్టివ్వడంలో డిఫ్యూజన్ స్కాన్ చాలా మేలు చేస్తుంది. స్పెక్ట్రోస్కోపీ మచ్చలోని రసాయనాలను కొలిచి క్షయ వైపో కణితి వైపో మొగ్గు చూపిస్తుంది. పెర్ఫ్యూజన్ స్కాన్ రక్తప్రవాహం ఎక్కడ ఎక్కువో చెబుతుంది. అనుభవమున్న రేడియాలజిస్టు ఇవన్నీ కలిపి చూసి చెప్పింది చాలాసార్లు నిజమవుతుంది కూడా. కానీ తలకు ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలన్నా, ఏడాది పాటు టీబీ మాత్రలు మింగించాలన్నా “చాలాసార్లు నిజం” సరిపోదు.

ఈ మాట పుస్తకాల్లో రాసుకున్న జాగ్రత్త మాత్రమే కాదు. మన పక్క ఊళ్లోనే రుజువైన సంగతి.

చిత్తూరుకు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేలూరు సీఎంసీలో 1949లో జేకబ్ చాండీ న్యూరోసర్జరీ విభాగం మొదలుపెట్టారు. దేశంలో అదే మొదటిది. 1980ల్లో సీటీ స్కాన్లు అందుబాటులోకి వచ్చాక అక్కడి డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. ఫిట్స్‌తో వచ్చిన పడుచువాళ్లకు స్కాన్ తీస్తే మెదడులో ఒకే ఒక్క చిన్న మచ్చ, కాంట్రాస్ట్ ఇస్తే ఉంగరంలా వెలిగేది. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశం కాబట్టి అది టీబీ గడ్డే అయి ఉంటుందని నమ్మి నెలల తరబడి టీబీ మందులు వాడించేవాళ్లు. కొన్నాళ్లకు మచ్చ కరిగిపోయేది. మందు పనిచేసిందని అందరూ సంతోషించేవాళ్లు. మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్ బృందం ఇలాంటి మచ్చలను స్టీరియోటాక్టిక్ పద్ధతిలో, అంటే స్కాన్ కొలతలతో గురిపెట్టి తీసి మైక్రోస్కోపు కింద చూసింది. ఎక్కువ భాగం క్షయ కానే కాదు. బద్దెపురుగు గుడ్ల నుంచి పుట్టి మెదడులో చిక్కుకున్న లార్వా, అంటే సిస్టిసర్కస్. అది చచ్చేటప్పుడు చుట్టూ రేగే వాపే ఆ ఉంగరం. ఏ టీబీ మందూ లేకపోయినా చాలావరకు నెలల్లో దానంతట అదే కరిగిపోయే జబ్బు. ఈ సంగతి 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 1993లో వాళ్లే కొన్ని గుర్తులు చెప్పారు: మచ్చ 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, మెదడు మధ్యగీత పక్కకు జరిగేంత వాపు లేకుండా, వచ్చింది ఫిట్స్‌తో మాత్రమే అయి, తలలో ఒత్తిడి పెరుగుతున్న లక్షణాలు గానీ రోజురోజుకీ ముదిరే బలహీనత గానీ లేకపోతే, అది సిస్టిసర్కస్ అనుకుని ఫిట్స్ మందులు ఇస్తూ కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీసి చూడొచ్చు.

ఇలా గురిపెట్టి తీసి చూడటం మన ప్రాంతానికి చేసిన పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. కొందరి తలలోంచి తీసిన మచ్చలే, తర్వాత వచ్చిన ఎంతోమందికి సూది అవసరమే లేదని తేల్చాయి. (పంది మాంసం ముట్టని ఇళ్లలో ఇదెలా వచ్చిందని కొందరు నొచ్చుకుంటారు. బద్దెపురుగు ఉన్న మనిషి మలం నుంచి గుడ్లు నీళ్లలోకో, సరిగా కడగని ఆకుకూరల్లోకో చేరతాయి. శాకాహారికైనా వస్తుంది. సిగ్గుపడాల్సిన పని లేదు.)

అలాగని క్షయ గడ్డలు లేవనుకోకూడదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ల కిందటే క్షయ శానిటోరియం వెలిసిందంటే ఈ నేల మీద ఆ జబ్బుకు ఎంత చరిత్ర ఉందో అర్థమవుతుంది. మెదడులో టీబీ గడ్డలు ఇప్పటికీ వస్తున్నాయి. సాధారణంగా అవి కాస్త పెద్దవిగా, అంచు ఎగుడుదిగుడుగా, లక్షణాలు మెల్లగా ముదిరేలా ఉంటాయి. సరిగ్గా మెదడు కణితి ఉండేలాగే. సూది అవసరం వచ్చేది అక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పుంగనూరు వైపు రైతు, వయసు యాభై దాటింది. నెల రోజులుగా తలనొప్పి, కుడి చేతి పట్టు తప్పుతోంది. ఎంఆర్ఐలో మెదడు ఎడమ వైపు లోతుగా, థాలమస్ అనే చోట మూడు సెంటీమీటర్ల మచ్చ. ఇది గ్లియోబ్లాస్టోమా (మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్) అయితే రేడియేషన్, దానితోపాటు టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మాత్రలు. మెదడులో పుట్టే లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) అయితే దారి వేరు, ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ అనే మందు ఎక్కించాలి. ఆపరేషన్‌తో దాన్ని తీసేసినందువల్ల పెద్దగా ఒరిగేది లేదు. టీబీ అయితే ఏడాది, ఒక్కోసారి అంతకు మించి మందులు. చీము అయితే ముక్క తీయడానికి వెళ్లిన సూదితోనే చీము లాగేయొచ్చు, తర్వాత వారాల తరబడి యాంటీబయాటిక్స్. ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకి ఉంటే వెతకాల్సింది ఛాతీలో. అయిదు జబ్బులు, అయిదు దారులు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాకపోవడమే కాదు, విలువైన నెలలు మింగేస్తుంది. అందుకే ముక్క.

ఇక రెండో ప్రశ్న, మొత్తం తీసేయొచ్చు కదా అని. ఆ రైతు మచ్చ థాలమస్‌లో ఉంది. దాని పక్కనుంచే చేయి, కాలు కదిలించే తీగలన్నీ కట్టగా పోతాయి. అక్కడిదాకా కత్తితో వెళ్లి మొత్తం తీయాలనుకుంటే మనిషి మంచానికి పరిమితం కావచ్చు. పైగా గ్లియోమా (మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టేది) లాంటి కణితులకు గట్టి అంచు ఉండదు, కణాలు బాగున్న మెదడులోకి పాకి ఉంటాయి. ఎంత తీసినా మొత్తం తీసినట్టు కాదు. మచ్చలు రెండు మూడు చోట్ల ఉన్నా, రెండు అర్ధగోళాలకూ పాకినా, మెదడు కాండంలో ఉన్నా, రోగి పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనంత వయసు మీద పడిన మనిషైనా, లింఫోమా అని గట్టి అనుమానం ఉన్నా సూదే మేలు.

వేరే రకం సందర్భాల్లో సూది అనవసరం. తల ముందు భాగంలో, చేరుకోగలిగే చోట పెద్ద కణితి ఉండి మెదడును నొక్కేస్తుంటే నేరుగా ఆపరేషనే చేస్తారు, ఒత్తిడీ తగ్గుతుంది, పరీక్షకు కావలసినంత ముక్కా వస్తుంది. మెదడు పై పొర నుంచి పుట్టే మెనింజియోమాను ఎక్కువసార్లు స్కాన్‌లోనే గుర్తుపట్టొచ్చు. పిట్యూటరీ గ్రంథి కణితుల్లో ప్రొలాక్టిన్ హార్మోన్ ఎక్కువ చేసే రకం రక్తపరీక్షలో తేలిపోతుంది, మాత్రలతోనే చాలామందికి కుదుటపడుతుంది. మెదడు నడుమ ఉండే పీనియల్ గ్రంథి ప్రాంతపు కొన్ని కణితులను రక్తంలో, వెన్నునీటిలో ఉండే గుర్తులే పట్టిస్తాయి. రక్తనాళాల ఉబ్బు అని అనుమానం ఉంటే సూది దగ్గరికే పోకూడదు. కాబట్టి డాక్టరును అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది: “ఈ పరీక్షలో ఏం వచ్చినా వైద్యం ఒకటేనా, లేక ఫలితాన్ని బట్టి మారుతుందా?” మారకపోతే సూది ఎందుకో ఆయన విడమరిచి చెప్పాలి.

గురి ఎలా కుదురుతుంది?

పుర్రె లోపల ఏడెనిమిది సెంటీమీటర్ల లోతులో ఉన్న చిన్న గురిని, తెరిచి చూడకుండా, బయటి నుంచి తాకాలి. 1908లో లండన్‌లో విక్టర్ హోర్స్‌లీ, రాబర్ట్ క్లార్క్ జంతువుల తలకు ఒక లోహపు చట్రం బిగించి, మెదడులోని ఏ బిందువునైనా మూడు కొలతలతో చెప్పొచ్చని చూపించారు: ముందు వెనక ఎంత, పక్కకు ఎంత, పైకి కిందికి ఎంత. మనిషి తలకు ఆ పద్ధతిని తెచ్చింది 1947లో, ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్. రెండేళ్లకు స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ చట్రానికి విల్లులాంటి కమాను తగిలించాడు. గురి ఎప్పుడూ ఆ కమాను కేంద్రంలో ఉంటుంది. కమాను మీద ఏ కోణం నుంచి సూది దించినా చేరేది ఆ ఒక్క బిందువుకే. చూడటానికి మామూలుగా ఉన్నా సర్జన్‌కు ఇది గొప్ప స్వేచ్ఛ, ఎందుకంటే రక్తనాళం అడ్డొస్తే గురి మార్చకుండా దారి మార్చుకోవచ్చు.

కానీ అప్పట్లో కణితి కనపడేదే కాదు. ఎక్స్‌రేలో మెదడు కనపడదు కాబట్టి మెదడు లోపలి గదుల్లోకి గాలి ఎక్కించి, ఆ నీడలను బట్టి లెక్కగట్టేవాళ్లు. ఆ తలనొప్పి ఎంత భయంకరమో పాతతరం డాక్టర్లు చెప్పేవారు. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రం మొదటి రోగి మెదడును చూపించాక ఆ బాధ తీరింది. ఇంకో బాధ మిగిలింది. స్కాన్‌లో చూసే బొమ్మకూ, తలకు బిగించిన చట్రానికీ లంకె ఎలా? 1978లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న రసెల్ బ్రౌన్ అనే విద్యార్థి దీన్ని తేల్చాడు. చట్రం పక్కల కడ్డీలను ఇంగ్లీషు ఎన్ అక్షరం ఆకారంలో అమర్చాడు: రెండు నిలువు కడ్డీలు, వాటి మధ్య ఒక ఏటవాలు కడ్డీ. స్కాన్ అడ్డంగా ఒక పొర కోసినప్పుడు ఆ మూడూ మూడు చుక్కలుగా కనపడతాయి. నిలువు కడ్డీల చుక్కలు కదలవు. మధ్య చుక్క ఏ వైపుకు ఎంత జరిగిందో చూస్తే ఆ పొర ఎంత ఎత్తులో కోసిందో తెలిసిపోతుంది. ఇక బొమ్మలోని ప్రతి చుక్కకూ చట్రం మీద ఒక కొలత దొరికినట్టే. మెదడు సర్జరీలో నన్ను ఇంతగా ఆకట్టుకున్న తెలివి ఇంకోటి లేదు. ఖర్చు మూడు కడ్డీలు.

ఇప్పుడు ఆసుపత్రిలో జరిగేది కూడా దాదాపు ఇదే క్రమం. తలకు నాలుగు చోట్ల మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చట్రాన్ని పిన్నులతో బిగిస్తారు. మత్తు ఎక్కేటప్పటి చురుకు, బిగించేటప్పటి ఒత్తిడి కొద్దిసేపు ఇబ్బందిగా ఉంటాయి. చట్రంతోనే సీటీ తీసి, ముందే తీసిన ఎంఆర్ఐతో కంప్యూటర్‌లో కలుపుతారు. ఆ తెర ముందు గడిపే సమయమే అసలు ఆపరేషన్ అనొచ్చు. గురి ఎక్కడ, సూది తలపై ఎక్కడ దిగాలి, మధ్యలో రక్తనాళాలు ఉన్నాయా, మెదడు మడతల మధ్య చీలికల్లోంచి పోతుందా (ఆ చీలికల్లోనే రక్తనాళాలు దాగి ఉంటాయి), నీటి గదులను తాకుతుందా అని ఒక్కో మిల్లీమీటరూ చూసుకుంటూ దారి గీస్తారు. కొలతలు, కోణాలు ఒకరు చదువుతుంటే ఇంకొకరు చట్రం మీద సరిచూసుకుంటారు. ఒక్క అంకె తప్పినా సూది వేరే చోటికి పోతుంది మరి.

థియేటర్‌లో తల మీద చిన్న గాటు, కొన్ని మిల్లీమీటర్ల రంధ్రం. మెదడుకు నొప్పి తెలిసే నరాలు లేవు. అందువల్ల పెద్దవాళ్లకు చాలాసార్లు మెలకువగా ఉండగానే చేస్తారు. “చెయ్యి ఎత్తమ్మా”, “పేరు చెప్పు పెద్దాయనా” అని అడుగుతూ ఉంటారు. పిల్లలకు, కదలకుండా ఉండలేనివాళ్లకు పూర్తి మత్తు ఇస్తారు. జుట్టు విషయానికొస్తే గాటు పడే చోట కొద్దిగా తీస్తే సరిపోతుంది, గుండు తప్పనిసరి కాదు. అయినా చాలామంది ముందే కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తారు. మన ఊళ్లో గుండు చూసి ఎందుకని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఇంటికెళ్లాక చుట్టుపక్కలవాళ్లకు సంజాయిషీ చెప్పే బాధ కూడా తప్పుతుంది.

చట్రం లేకుండా చేసే పద్ధతీ ఉంది. ముఖం, తల మీది గుర్తులను స్కాన్‌తో జతచేసి, సూది ఎక్కడుందో కెమెరాతో కనిపెడుతూ తెర మీద చూపించే నావిగేషన్ యంత్రాలు వాడతారు. జబ్బును తేల్చడంలో రెండింటి ఫలితాలూ దాదాపు సమానం. చట్రం బిగించారంటే పాతకాలం పద్ధతి అని చిన్నచూపు అక్కర్లేదు. మెదడు కాండం లాంటి లోతైన చోట్లకు చట్రమే నమ్మకమనే సర్జన్లు ఇప్పటికీ చాలామంది.

సూది చివర మొనలో రంధ్రం ఉండదు. మొన మొద్దుగా ఉండి, పక్కన ఒక సెంటీమీటరు పొడవు కిటికీ ఉంటుంది. లోపల ఇంకో గొట్టం. గురికి చేరాక సిరంజితో మెల్లగా లాగితే కిటికీలోకి కణజాలం వస్తుంది, లోపలి గొట్టాన్ని తిప్పితే తెగుతుంది. కిటికీని ఇటూ అటూ తిప్పి నాలుగు వైపులా తీస్తారు. వచ్చేది సేమియా పోగంత సన్నని ముక్కలు.

ఎక్కడి ముక్క?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మెదడు కణితిలో ఆ సామెత చెల్లదు. ఒకే గ్లియోమాలో ఒక మూల నెమ్మదైన కణాలు, పక్కనే దూకుడుగా పెరిగేవి, మధ్యలో అంతా చచ్చిపోయిన కణజాలం. ఉంగరం నడుమ నుంచి తీస్తే రిపోర్టులో “నెక్రోసిస్” (చచ్చిన కణజాలం) తప్ప ఏమీ రాదు. ఉంగరం బయటి వాపులోంచి తీస్తే “గ్లియోసిస్” (దెబ్బతిన్న మెదడులో కట్టే మచ్చ) అని వస్తుంది, అది ఏ జబ్బు పక్కనైనా ఉండేదే. నెమ్మదైన మూల నుంచి తీస్తే జబ్బు ఉన్నదాని కంటే తక్కువ తీవ్రమైనదని తేలి, చేయాల్సిన వైద్యం చేయకుండా పోవచ్చు. ఈ పరీక్షకున్న అసలు బలహీనత ఇదే. రక్తస్రావం గురించి అందరూ భయపడతారు గానీ, నా లెక్కలో దీని గురించే ఎక్కువ ఆలోచించాలి. అందుకే గురిని వెలిగే ఉంగరం అంచున, పెర్ఫ్యూజన్‌లో రక్తం ఎక్కువ కనపడిన చోట పెడతారు. ఒకే దారి వెంట వేర్వేరు లోతుల్లో ముక్కలు తీస్తారు.

తీసినదాంట్లో జబ్బు ఉందా లేదా అని అక్కడికక్కడే చూసుకునే ఉపాయం కూడా ఉంది. రవ్వంత ముక్కను రెండు గాజు పలకల మధ్య నలిపి రంగు వేసి చూస్తారు, స్క్వాష్ అంటారు. బోస్టన్‌లో హార్వే కుషింగ్ దగ్గర పనిచేసిన లూయిస్ ఐసెన్‌హార్ట్ 1930లో ఈ పద్ధతిని వివరించారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, మెదడు కణజాలం మెత్తన కాబట్టి ఇట్టే పరుచుకుంటుంది. రోగి ఇంకా థియేటర్‌లో ఉండగానే పాథాలజిస్టు ఫోను చేసి “కణితి కణాలు ఉన్నాయి” అనో, “ఇది మామూలు మెదడే, ఇంకొంచెం లోతుకు వెళ్లండి” అనో చెబుతారు. క్షయ పోలికలు కనపడితే మిగతా ముక్కలో కొంత సీబీనాట్‌కు (క్షయ క్రిమి జన్యువులను వెతికే పరీక్ష), క్రిములను పెంచి చూసే కల్చర్‌కు పంపుతారు. చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసిన ముక్క కల్చర్‌కు పనికిరాదు, అందుకే ఆ నిర్ణయం ముందే జరగాలి. సూది పట్టే చేయి ఎంత ముఖ్యమో, ఆ పూట అందుబాటులో ఉండే పాథాలజిస్టు అంతే ముఖ్యం. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు యంత్రాల గురించి అడిగేవాళ్లే గానీ, ఇది అడిగేవాళ్లు అరుదు.

ముక్క చిన్నదైనా ఈమధ్య దాని విలువ పెరిగింది. 2021లో డబ్ల్యూహెచ్ఓ మెదడు కణితుల వర్గీకరణను మార్చింది. మైక్రోస్కోపు కింద రూపంతోపాటు జన్యువుల్లో మార్పులూ చూసి పేరు పెట్టాలంది. ఐడీహెచ్ జన్యువు మార్పు ఉంటే జబ్బు నడక నెమ్మది. దానితోపాటు 1పి, 19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు రెండూ పోయి ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లియోమా అనే రకం, మందులకు బాగా లొంగేది. ఐడీహెచ్ మార్పు లేని పెద్దవాళ్ల ఆస్ట్రోసైటిక్ గ్లియోమాలో (ఆస్ట్రోసైట్ కణాల రకం) టెర్ట్ జన్యువు మార్పు లాంటివి కొన్ని దొరికితే, ముక్కలో నెక్రోసిస్ కనపడకపోయినా దాన్ని గ్లియోబ్లాస్టోమాగానే లెక్కిస్తారు. ఐడీహెచ్ లాంటి మార్పులు కణితి పుట్టుకలోనే వచ్చి దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటాయి. కాబట్టి సూది నెమ్మదైన మూలకు తగిలినా చాలాసార్లు జన్యు పరీక్ష అసలు సంగతి బయటపెడుతుంది. ఎంజీఎంటీ అనే జన్యువు పరీక్ష టెమోజోలమైడ్ ఎంత పనిచేస్తుందో ముందే ఒక అంచనా ఇస్తుంది.

పరీక్షకు ముందు ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. మెదడు వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. తలనొప్పి ఒక్కరోజులో దిగిపోతుంది, అందరికీ ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ జబ్బు లింఫోమా అయితే స్టెరాయిడ్‌కు కణాలు చచ్చిపోయి మచ్చే మాయమైపోవచ్చు. అప్పుడు సూది పెడితే ఏమీ దొరకదు. జబ్బు నయమైందని ఇంటికి పోతారు, కొన్ని వారాలకో నెలలకో అది మళ్లీ వస్తుంది. అందుకే లింఫోమా అనుమానం ఉండి, ప్రాణాపాయమంత వాపు లేకపోతే ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఆపుతారు. మన ఊరి క్లినిక్‌లో ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే ఆ చీటీ పారేయకుండా చూపించాలి. సొంతంగా మాత్రం స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు, అప్పటికే వాడుతున్నది ఆపకూడదు.

రక్తం పలచబడే మందుల సంగతీ అంతే. గుండె కోసం ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. వాటిని సాధారణంగా వారం ముందు ఆపమంటారు, స్టెంట్ వేయించుకున్నవాళ్లయితే గుండె డాక్టరుతో మాట్లాడాకే. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూడకుండా ఎవరూ సూది పట్టరు.

ప్రమాదం ఎంత? పరీక్ష తర్వాత సీటీ తీస్తే సూది దారిలో చిన్న రక్తపు మరక కనపడటం కొత్తేమీ కాదు, ఎక్కువమందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. చేయి పట్టు తప్పడం, మాట తడబడటం, ఫిట్స్ లాంటి ఇబ్బంది తెచ్చే రక్తస్రావం నూటికి ఒకరి నుంచి అయిదుగురిలో. ప్రాణం పోయే ముప్పు ఒక శాతం లోపు లేదా ఆ దరిదాపుల్లో. నూటికి తొంభైకి పైగా జబ్బేమిటో తేలుతుంది. తేలని ఆ కొద్దిమందికి రెండోసారి సూదో, ఆపరేషనో, కొన్నాళ్లు ఆగి మళ్లీ స్కానో తప్పదు. మెదడు కాండంలో, రక్తనాళాలు ఎక్కువున్న కణితుల్లో ముప్పు కాస్త ఎక్కువ. సంతకం పెట్టే ముందు “మా నాన్న మచ్చ ఉన్న చోటుకు ముప్పెంత?” అని అడగడమే సరైన పద్ధతి, సగటు లెక్క వినడం కంటే.

“సూది గుచ్చితే గడ్డ రేగుతుంది” అనే భయం మన వైపు బలంగా ఉంది. సూది దారి వెంట కణితి కణాలు నాటుకోవడం మెదడులో చాలా అరుదు, ఎక్కడో ఒక్కో కేసుగా రాసుకునేంత అరుదు. పరీక్ష తర్వాత నెలలో పరిస్థితి దిగజారిందంటే చాలాసార్లు కారణం ఆ జబ్బు నడకే. సూది పెట్టినా పెట్టకపోయినా అది ఆ వేగంతోనే వచ్చేది. ఈ భయంతో ముక్క తీయించకుండా నాటు మందుల వెంట తిరిగి, ఒక వైపు పడిపోయాక ఆసుపత్రికి వస్తే, టీబీ లాంటి నయమయ్యే జబ్బు కూడా అప్పటికే మెదడును దెబ్బతీసి ఉంటుంది.

అంతా సవ్యంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. స్క్వాష్‌లో చెప్పిన మాట తుది మాట కాదు. మామూలు పాథాలజీ రిపోర్టుకు దాదాపు వారం, ప్రత్యేక రంగుల పరీక్షలకు ఇంకొన్ని రోజులు, జన్యు పరీక్షలు బయటి ల్యాబుకు పంపాల్సి వస్తే రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈ ఎదురుచూపులోనే టెన్షన్ ఎక్కువ. రిపోర్టు రాకముందే ఇంకో ఆసుపత్రికి పరిగెత్తి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే కుటుంబాలు ఉంటాయి. పరీక్ష ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకంలోకి వస్తుందా, జన్యు పరీక్షలకు విడిగా కట్టాలా అని ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని ముందే అడిగి పెట్టుకుంటే చివర్లో చేతులు కాలవు.

ఇంకో సంగతి. తీసిన ముక్కను మైనంలో పెట్టి బ్లాకులుగా చేస్తారు, దాన్నుంచి కోసిన పలుచని పొరలే స్లైడ్లు. రెండో అభిప్రాయానికి తిరుపతి నుంచి వేలూరుకో చెన్నైకో హైదరాబాదుకో పోయేటప్పుడు చాలామంది ఫిల్ములు, డిశ్చార్జి కాగితం పట్టుకుని వెళ్తారు. అక్కడి పాథాలజిస్టుకు కావలసింది ఆ బ్లాకు, స్లైడ్లు. రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రులు ఇస్తాయి, తర్వాత తిరిగి అప్పగించాలి. ఎంఆర్ఐ కూడా ఫిల్ము రూపంలో చాలదు, సీడీ అడిగి తీసుకోవాలి, గురి మళ్లీ పెట్టాల్సి వస్తే కంప్యూటర్‌కు కావలసింది అదే. బ్లాకు మీద నంబరు, పేషెంటు పేరు రిపోర్టులో ఉన్నవాటితో సరిపోయాయో లేదో అక్కడే, కౌంటర్ దగ్గరే చూసుకోండి. మైనం కాబట్టి ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి.